బియ్యం డబ్బా వెనక బిస్కెట్ ప్యాకెట్

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక తల్లి ఈసారి ఉత్తరం రాశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచి, రెండు రోజులు ఆఫీసు. బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. పాపకు నాలుగేళ్లు. భర్తది గుడివాడ దగ్గర పల్లెటూరు. మామగారు పోయాక అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటున్నారు.

ఆర్నెల్ల కిందట బాబు ఊరికే నీరసపడుతున్నాడని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. డాక్టర్ ఐరన్ సిరప్ రాసి, తిండి విషయం కూడా చూసుకోమన్నారు. సిరప్ తాగితే కడుపులో తిప్పుతోందని బాబు గొడవ చేశాడు. పళ్ల మీద నల్లటి చారలు కనిపించాయి. "ఎంతైనా కెమికలే కదా" అనుకుని ఈమె పదిహేను రోజులకే ఆపేశారు. దాని బదులు వంటిల్లు మొత్తం మార్చేశారు. తెల్ల బియ్యం, పంచదార, మైదా బంద్. మూడు పూటలా కొర్రలు, అండుకొర్రలు, సామలు, రాగులు. గానుగ నూనె, తాటిబెల్లం, లీటరు 120 రూపాయల ఏ2 పాలు (దేశీ ఆవుల పాలని అమ్మేవి). పాలు రోజుకు మూడు గ్లాసులు తప్పనిసరి. పిల్లల్లో క్రియేటివిటీ పెరగాలని బాబును అబాకస్‌కు, డ్రాయింగ్ క్లాసుకు, వారాంతంలో కీబోర్డుకు పంపుతున్నారు.

ఆ తర్వాత ఏమైందో ఆమె మాటల్లోనే: "కంచం ముందు కూర్చుంటే ఏడుపు. పాప అయితే ఫోన్ ఇస్తేనే నోరు తెరుస్తుంది. మొన్న బియ్యం డబ్బా వెనక క్రీమ్ బిస్కెట్ల ప్యాకెట్ దొరికింది. అత్తయ్య దాస్తున్నారు. 'అమ్మకి చెప్పకు నానమ్మా' అని వాడు అనడం నా చెవులతో విన్నాను. ఫ్రెండ్ బర్త్‌డేకి తీసుకెళ్తే వాంతి అయ్యేదాకా కేక్ తిన్నాడు. మా వారిని అడిగితే 'మేమంతా తెల్లన్నం తినే పెరిగాం, మాకేమైంది' అంటారు. ఇదివరకు గోడల మీద కూడా బొమ్మలు గీసేవాడు, ఇప్పుడు ఇంట్లో క్రేయాన్ ముట్టుకోవడం లేదు. నేను ఇంత కష్టపడుతుంటే ఇంట్లో అందరికీ శత్రువునయ్యాను. ఉద్యోగం మానేసి పూర్తిగా పిల్లలనే చూసుకోమంటారా?"

మీ ఉత్తరంలో నాలుగైదు సమస్యలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. అన్నింటికీ తిండే కారణమనీ, తిండే మందనీ మీరు అనుకుంటున్నారు. ముందు వాటిని విడదీద్దాం.

మొదటిది బాబు రక్తం. ఇది మిగతావాటితో కలపకూడని విషయం. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 11 కంటే కిందికి వెళ్తే అది మధ్యస్థ స్థాయి. మీ బాబుది 10.2. మీరొక్కరే ఇలాంటి పరిస్థితిలో లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో దేశం మొత్తం మీద 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంత మామూలు విషయం కాబట్టే చాలామంది తల్లిదండ్రులు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. మీరు తేలిగ్గా తీసుకోలేదు, కానీ మందు ఆపేసి తిండి మీద భారం వేశారు. ఒంట్లో నిల్వలు అయిపోయాక తిండితోనే వాటిని నింపాలంటే చాలాకాలం పడుతుంది, ఒక్కోసారి నిండవు కూడా. తిండి ఆ నిల్వలు మళ్లీ తగ్గకుండా కాపాడుతుంది. లోటు పూడ్చడం మందు పని.

కాబట్టి ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి, సిరప్ ఆపేసిన సంగతి దాచకుండా చెప్పి, మళ్లీ పరీక్ష చేయించండి. కడుపులో తిప్పుతోందంటే మోతాదు మార్చడమో, వేరే రకం ఇవ్వడమో ఆయన చేస్తారు. పళ్ల మీది చారలు పోయేవే. సిరప్‌ను డ్రాపర్‌తో నాలుక వెనక్కి వేసి, వెంటనే నీళ్లు పుక్కిలించి ఉమ్మమంటే చాలావరకు రావు. విరేచనం నల్లగా అవుతుంది, దానికి కంగారు పడొద్దు. సిరప్ పాలతో కలిపి ఇవ్వొద్దు. నిమ్మరసం పిండిన నీళ్లతో ఇస్తే ఒంటికి బాగా పడుతుంది. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా రెండు మూడు నెలలు కొనసాగించమంటారు. నంబరు బాగుంది కదా అని అక్కడ ఆపేయకండి. నులిపురుగుల మాత్ర ఈ మధ్య వేశారో లేదో కూడా చూసుకోండి. బడుల్లో ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అదే.

ఇక పాలు. ఆవు ఏ జాతిదైనా పాలలో ఐరన్ దాదాపు లేనట్టే. మూడు గ్లాసుల పాలతో పొట్ట నిండిపోతే వాడు కంచం ముందు ఏడవక ఏం చేస్తాడు? పైగా పాలలోని కాల్షియం, అదే పూట తిన్న తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. రోజుకు రెండు చిన్న గ్లాసులు చాలు, అవీ భోజనానికి దూరంగా. ఏ2 పాలు మానేసి మామూలు పాలు తెప్పించుకుని, మిగిలిన డబ్బుతో గుడ్లు, జామకాయలు కొనండి. వందగ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. కూరలో, పప్పులో ఉన్న ఐరన్‌ను ఒంటికి పట్టించేది అదే.

చిరుధాన్యాల విషయంలో మీరు వెళ్లిన దారి తప్పేమీ కాదు, వెళ్లిన వేగమే తప్పు. రాగుల్లో వందగ్రాములకు 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది, మరే ధాన్యంలోనూ అంత లేదు. రాయలసీమలో సంకటి, తెలంగాణలో జొన్నరొట్టె తరతరాలుగా తింటున్నదే. కానీ ఆ ఇళ్లలో సంకటి పక్కన పులుసో, పప్పో, పచ్చడో, మాంసమో ఉండేది. వీడియోల్లో చెప్పేవాళ్లు ధాన్యం పేరు చెబుతారు, పక్కన ఏముండాలో చెప్పరు. చిరుధాన్యాల్లో ఫైటేట్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి ఐరన్‌ను పట్టుకుని వదలవు. మూడు పూటలా అవే పెడితే, ఐరన్ కోసం చేసిన పని ఐరన్‌కే అడ్డం పడుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్లు తగ్గుతాయి. అందుకే రాగిజావ కంటే మొలకెత్తించిన రాగుల జావ మంచిది, వండి వార్చిన కొర్రల కంటే పులిసిన పిండితో పోసిన కొర్ర దోసె మంచిది. ఇంకో సంగతి, ఏడేళ్ల వాడి పొట్ట చిన్నది. పీచు ఎక్కువున్న తిండితో అది త్వరగా నిండుతుంది, కావలసిన శక్తి మాత్రం అందదు.

తెల్లన్నాన్ని ఇంట్లోకి రానివ్వండి. అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, పక్కన తోటకూర వేపుడు, నిమ్మకాయ పిండిన చారు, ఒక గుడ్డు ఉంటే ఏ పోషకాహార నిపుణుడూ వంక పెట్టలేని భోజనం అది. బియ్యంలో తక్కువున్న అమైనో ఆమ్లం (ప్రొటీన్‌కు ముడిసరుకు) పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువున్నది బియ్యంలో ఉంటుంది. రోజుకు ఒక పూట చిరుధాన్యం, అదీ పిల్లలకు ఇష్టమైన రూపంలో పెట్టండి. మాంసం తినే ఇల్లయితే వారానికోసారి కాస్త మేక కాలేయం వండితే ఐరన్‌కు అంతకన్నా దగ్గరి దారి లేదు. పల్లీలు, నువ్వులు వాడండి, కానీ పాప చిన్నది కాబట్టి గింజలుగా కాకుండా పొడి చేసో, మెత్తటి ఉండలు చేసో పెట్టండి. గింజ గొంతుకు అడ్డం పడే వయసు అది.

తాటిబెల్లం గురించి ఒక్క మాట. బెల్లం ఏదైనా అందులో ఎక్కువ భాగం చక్కెరే. పంచదార మానేసి బెల్లం రెట్టింపు వేసే ఇళ్లు నేను చాలా చూశాను. ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి రోజుకు సుమారు 1700 కేలరీలు కావాలి. విడిగా కలిపే చక్కెర అందులో పది శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే సుమారు 42 గ్రాములు, ఐదు గ్రాముల టీస్పూన్‌తో ఎనిమిది టీస్పూన్లు. తాటిబెల్లం, తేనె, పాలలో కలిపే మాల్ట్ పౌడరు అన్నీ ఆ ఎనిమిదిలోనే.

ఇప్పుడు బిస్కెట్ల సంగతి. మీ వాడు దొంగా కాదు, అబద్ధాలకోరూ కాదు. మొత్తం బంద్ అన్న ఇంట్లో ఏ పిల్లవాడైనా చేసే పనే చేశాడు. కేక్ వాంతి అయ్యేదాకా తిన్నాడంటే, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో వాడికి తెలియకపోవడమే కారణం. మీ ముందు మూడు దారులున్నాయి.

ఇలాగే కట్టుదిట్టంగా ఉండొచ్చు. ఇంకో మూడు నాలుగేళ్లు వంటిల్లు మీ చేతిలోనే ఉంటుంది. వాడి జేబులో పది రూపాయలు పడిన రోజు నుంచి ఉండదు. ఈలోపు మీకు తెలియకుండా తినడం వాడికి అలవాటైపోతుంది. నాకు తిండి కన్నా ఇదే పెద్ద నష్టమనిపిస్తుంది. రేపు బడిలో ఏదైనా గొడవైనా మీకు చెప్పకుండా దాస్తాడు.

మీ వారు అన్నట్టు పూర్తిగా వదిలేయొచ్చు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కానీ రక్తహీనత ఉన్న పిల్లవాడి పొట్ట బిస్కెట్లతో నిండిపోతుంది. ఈ దారి ఇప్పుడు మీకు కుదరదు.

మూడోది పని పంచుకోవడం. ఎల్లిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు దశాబ్దాల కిందట చెప్పిన పద్ధతి ఇది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ల ఇష్టం. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. కంచంలో వాడికి నచ్చేది ఒక్కటైనా తప్పకుండా ఉండాలి. మిగతావి ఉంటాయి, కానీ "ఒక్క ముద్ద తిను నాన్నా" అని వెంటపడకూడదు. కొత్త కూర రుచి నచ్చడానికి పిల్లలకు పది, పన్నెండు సార్లైనా కంచంలో కనిపించాలి. రెండుసార్లు ఊసేస్తే వాడికి పడదని తేల్చేస్తాం మనం. ఈ పద్ధతిలో మొదటి వారం రెండు పూటలు సరిగా తినకపోవచ్చు. మీ అత్తగారు గిలగిల్లాడిపోతారు, మీరూ ఆగలేరు. ఆగాలి.

బిస్కెట్లనూ ఇందులోనే చేర్చండి. వారంలో రెండు రోజులు, ఉదాహరణకు బుధవారం, ఆదివారం, సాయంత్రం టిఫిన్‌తో పాటు బిస్కెట్లో ఐస్‌క్రీమో అందరూ కలిసి టేబుల్ మీదే తినండి, మీరూ తినండి. బాగా తిన్నందుకు బహుమతిగా మాత్రం ఇవ్వొద్దు. అలా ఇస్తే కూర శిక్ష అనీ, బిస్కెట్ వరం అనీ వాడు నేర్చుకుంటాడు. బర్త్‌డేలకు వెళ్లనివ్వండి, బయల్దేరే ముందు ఇంట్లో ఇంత పెరుగన్నం పెట్టి పంపండి.

పాప ఫోన్ సంగతి తేలికే. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి తెర వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. భోజనం దగ్గర అసలే వద్దు, ఎందుకంటే తెర చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిన సంగతి తెలియదు. ఒక్కసారిగా ఆపేస్తే నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరేస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. ఒక్కో పూట తగ్గిస్తూ పోతే గొడవ తక్కువ, కానీ నెల పడుతుంది, మధ్యలో ఎవరో ఒకరు మెత్తబడతారు. మీ ఇంట్లో ఎవరు మెత్తబడతారో మీకే తెలుసు, దాన్నిబట్టి ఎంచుకోండి. పెద్దవాళ్ల ఫోన్లు కూడా ఆ ఇరవై నిమిషాలు పక్క గదిలో ఉండాలి.

అత్తగారి గురించి రాసేటప్పుడు మీ అక్షరాల్లో కోపం కనిపించింది. ఆమె వైపు నుంచి ఒకసారి చూడండి. భర్త పోయాడు, ఊరు వదిలి వచ్చింది, నలభై ఏళ్లు వండిన చేతులు. కోడలు ఒక రోజు వచ్చి "మీకు తెలిసిన తిండి విషం" అన్నట్టు బియ్యం తీసేసింది. మనవడికి రహస్యంగా ఇచ్చే బిస్కెట్ ఒక్కటే ఆమె చేతిలో మిగిలిన అధికారం. అది ఆమె వదలదు, మీరు లాక్కోలేరు. నిలదీసి అడిగితే ప్యాకెట్ బియ్యం డబ్బా వెనక నుంచి దేవుడి అల్మారాలోకి మారుతుంది, అంతే. మీ వారితో చెప్పిస్తే "కొడుకు చేత చెప్పించింది" అన్న మాట ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. వేరే పని చేయండి. సాయంత్రం నాలుగున్నర టిఫిన్ పూర్తిగా ఆమెకే అప్పగించండి. "అత్తయ్యా, వాడికి రక్తం తక్కువుంది, డాక్టర్ ఇలా చెప్పారు, సాయంత్రం ఏం పెడితే బాగుంటుందో మీరే చూడండి" అని అడగండి. రిపోర్టు ఆమె చేతికిచ్చి చూపించండి. సున్నుండలు, ఉడకబెట్టిన శనగలు, అటుకుల ఉప్మా, నువ్వుల ఉండలు, మునగాకు వేసిన పెసరట్టు ఇవన్నీ కృష్ణాజిల్లా ఇల్లాలికి మీరు నేర్పక్కర్లేదు. ఆమె ఒకరోజు నూనెలో దేవిన జంతికలు చేస్తే ఊరుకోండి. జంతికలు ఇంట్లో చేస్తే గంట పని, కాబట్టి రోజూ చేయరు. ప్యాకెట్‌కు, ఇంటి వంటకు అసలు తేడా అక్కడే ఉంది.

మీ వారి మాటలో సగం నిజం ఉంది. ఆయన తెల్లన్నం తినే పెరిగారు. కానీ చెరువు గట్టు దాకా పరిగెత్తి, దారిలో చింతకాయ, రేగుపళ్లు, ఈతపళ్లు తిని, చీకటి పడ్డాక ఇంటికొచ్చి ఆ అన్నం తిన్నారు. అదే అన్నం మూడో అంతస్తులో కూర్చుని తింటే లెక్క వేరు. అందుకని ఆయన మీద వాదన గెలవడం మానేసి ఒక పని అప్పగించండి. ఆదివారం పొద్దున పిల్లలిద్దరినీ రైతుబజారుకు తీసుకెళ్లడం, సాయంత్రాలు గంటసేపు కిందికి దింపి పరిగెత్తించడం ఆయన వాటా. బజారులో బాబు చేతికి వంద రూపాయలిచ్చి "నీకు నచ్చిన ఆకుకూర రెండు కట్టలు, ఒక పండు కొను" అంటే చుక్కకూరకూ పాలకూరకూ తేడా వాడే అడిగి తెలుసుకుంటాడు. తాను కొన్న కూర ఒక ముద్దయినా తింటాడు.

బొమ్మల సంగతికి వస్తే, వాడు గోడల మీద గీసేవాడని మీరే రాశారు. అంటే క్రియేటివిటీ వాడికి ముందే ఉంది, క్లాసుకు వెళ్లాక ఆగింది. చాలా డ్రాయింగ్ క్లాసుల్లో టీచర్ గీసిన సూర్యోదయం, రెండు కొండలు, కొబ్బరిచెట్టు చూసి గీయాలి, రంగు గీత దాటకూడదు. తప్పు గీస్తాననే భయం వచ్చిన పిల్లవాడు ఇంట్లో గీయడు. క్లాసు మార్చొచ్చు, లేదా కొన్నాళ్లు మానిపించొచ్చు. మార్చాలంటే ముందు మీరు వెళ్లి అక్కడ గోడకు అంటించిన బొమ్మలు చూడండి. అన్నీ ఒకేలా ఉంటే వెనక్కి వచ్చేయండి. నేనైతే మానిపించడానికే మొగ్గు చూపుతాను. అబాకస్, కీబోర్డు రెండింట్లో వాడికి ఏది ఇష్టమో అడిగి ఒకటి ఉంచండి. ఖాళీగా ఉంటే "బోర్ కొడుతోందమ్మా" అంటాడు. అననివ్వండి. ఏమీ తోచని అరగంట తర్వాతే పిల్లలు ఏదో ఒకటి మొదలుపెడతారు.

మీకు వారాంతంలో చేయడానికి ఒక పని చెబుతాను. శుక్రవారం రాత్రి అరకిలో రాగులు బాబు చేత కడిగించి నానబోయించండి. శనివారం పొద్దున నీళ్లు వంపి, తడి నూలుగుడ్డలో మూటకట్టి వంటింట్లో వేలాడదీయాలి. గుడ్డ ఆరిపోకుండా అప్పుడప్పుడు నీళ్లు చిలకరించే డ్యూటీ పాపది. ఎండాకాలమైతే ఆదివారానికే మూట విప్పితే ఎర్రటి గింజల్లోంచి దారప్పోగుల్లాంటి తెల్లటి మొలకలు వచ్చి ఉంటాయి, చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం ఎక్కడిదని వాడు అడుగుతాడు. గింజ ఊపిరి పీల్చుకుంటోందని చెప్పండి, అది నిజం కూడా. రోజూ కాస్త కాస్త మొలకను పుస్తకంలో గీయమంటే గీస్తాడు, అక్కడ చూసి గీయడానికి టీచర్ బొమ్మ ఉండదు కాబట్టి. నీడలో ఆరబెట్టి, నానమ్మ చేత దోరగా వేయించి, పిండి మర పట్టిస్తే జావకు సరిపడా పిండి వస్తుంది. గోంగూర ఆకులు తుంచడం, కందికాయలు ఒలవడం, చింతపండు గింజలు తీయడం కూడా నాలుగేళ్ల పాపకు చేతనవుతాయి. ఆ గింజలు దాచిపెడితే వామనగుంటలు ఆడుకోవచ్చు. గుంటకు ఇన్ని గింజలని లెక్కపెడుతూ, ఎదుటివాళ్ల గుంటలు చూస్తూ ఎత్తు వేయాలి కాబట్టి అబాకస్ ఫీజు మీకు మిగిలిందనుకోండి. వాకిలి లేకపోతే బాల్కనీలో చాక్‌పీసుతో చుక్కల ముగ్గు వేయించండి, అబ్బాయి చేత కూడా.

వీటన్నింటికీ ఇల్లు పాడవుతుంది. పని మీరే చేస్తే పది నిమిషాల్లో అయ్యేది, పిల్లలతో అయితే గంట పడుతుంది. రోజూ కుదరదు. వారంలో రెండు పూటలు కుదిరినా చాలు, మిగతా రోజుల్లో హడావుడిగా ఉప్మా చేసి పెట్టేయండి.

ఉద్యోగం మానేయమని నేను చెప్పను, మానొద్దనీ చెప్పను. కానీ ఈ కారణానికి మానితే ఏమవుతుందో ఊహించుకోండి. జీతం పోతుంది, పిల్లల తిండే మీ ఉద్యోగమవుతుంది, కంచంలో వదిలేసిన ప్రతి ముద్దా మీ ఓటమిలా కనిపిస్తుంది. మీకు విశ్రాంతి కావాలనో, పిల్లలతో ఉండాలని మనసు లాగుతోందనో అయితే అది వేరే ప్రశ్న, దానికి మీ వారితో కూర్చుని ఇంటి లెక్కలు చూడాలి. ముందు మూడు నెలలు, ఆఫీసుకెళ్లే రెండు రోజులూ వంట, టిఫిన్ డబ్బాలు అత్తగారూ మీ వారూ చూసుకునేలా ఏర్పాటు చేసి చూడండి. బాబు రక్తపరీక్ష ఫలితం కూడా అప్పటికి చేతికొస్తుంది.

ఈలోపు కొన్ని గమనించండి. వాడు మట్టి, సుద్దముక్కలు, పచ్చి బియ్యం తింటున్నాడా? మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడా? ఆర్నెల్లుగా బరువు అక్కడే ఆగిందా? వీటిలో ఏది కనిపించినా, లేదా సిరప్ సరిగ్గా వేసిన నెల తర్వాత కూడా హిమోగ్లోబిన్ కదలకపోయినా, తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు) లాంటివి ఉన్నాయేమో చూసే పరీక్షల గురించి డాక్టర్‌ను మీరే అడగండి. అప్పుడు పాపకు కూడా ఒకసారి రక్తం చూపించేయండి.